బాతుల సత్రమునకు మాన్యము

సత్రము కట్టించుట పుణ్యము. దానికి మాన్యము వ్రాసియిచ్చుట అంతకంటె గొప్ప పుణ్యము. కట్టించిన దాత పేరు రాతిమీద నిలుచును గాని, మాన్యము లేని సత్రములో కొన్నాళ్లకు పొయ్యి వెలుగదు. ఆకలితో వచ్చిన బాటసారి మూసిన తలుపు చూచి ముందునకు సాగిపోవును. ఈ సంగతి గృహిణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. దయగల యిల్లాలు ఒకనాడు పదిమందికి భోజనము పెట్టగలదు. ప్రతిదినము పెట్టవలెనన్న ఇంటికి రాబడి యుండవలెను.

ఈ మాసమున మేము మా సోదరీమణులకు చెప్పదలచినది మనుష్యుల సత్రమును గూర్చి కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో నీటిపక్షులకు, ముఖ్యముగా అడవి బాతులకు, ఏర్పడిన విడిదులను గూర్చియు, ఆ విడిదులకు మాన్యము సమకూర్చినవారిని గూర్చియు చెప్పుదుము. ఆ దాత లెవ్వరో వినినచో మీకు వింతగ తోచును. వారు బాతులను వేటాడువారే.

అడవి బాతు మన పెరటిలోని బాతు వంటిది కాదు. అది సంచారము చేయు ప్రాణి. వేసవిలో ఉత్తరమున గ్రుడ్లు పెట్టి పిల్లలను పెంచును. చలి ముదిరి నీరు గడ్డకట్టక మునుపే దక్షిణమునకు పయనమగును. వసంతమున మరల పుట్టినచోటికి పోవును. అమెరికాలో ఉత్తర డకోటా, దక్షిణ డకోటా, మిన్నెసోటా, అయోవా, మాంటానా రాష్ట్రములలోను, కెనడాలోని ఆల్బర్టా, సస్కాచెవాన్, మానిటోబాలలోను వ్యాపించిన ఒక గొప్ప పచ్చికబయలు గలదు. పూర్వము అచ్చట నిలిచిన మంచుపలకలు కరగి వెడలిపోవుచు నేలపై లక్షలకొలది గుంటలను విడిచిపోయినవి. వసంతమున ఆ గుంటలు నిండును. వానిలో పురుగు పుట్టును, ఒడ్డున గడ్డి మొలచును. ఆడుబాతు ఆ పురుగులను తిని గ్రుడ్లకు కావలసిన బలము చేర్చుకొని, ప్రక్కనున్న గడ్డిలో గూడు పెట్టును. ఉత్తర అమెరికాలోని బాతులలో పెద్దపాలు ఇచ్చటనే పుట్టునవి. అందుచేత ఆ ప్రదేశమునకు బాతుల కార్ఖానా యని పేరు వచ్చినది.

అయితే రైతునకు ఆ గుంట యొక అడ్డంకి. నాగలి చుట్టు తిరిగి పోవలసియుండును. చుట్టునున్న నేల ఆలస్యముగ ఆఱును. అందుచేత కాలువ త్రవ్వి నీటిని పోనిచ్చి గోధుమ వేసికొనుట అతనికి లాభము. ఇట్లు 1780ల నుండి 1980ల వఱకు గడచిన రెండువందల యేండ్లలో అలాస్కా, హవాయిలు గాక తక్కిన 48 రాష్ట్రములలోని చిత్తడి నేలలు సగమునకు మించి నశించినవి. సత్రములు సగము కూలినవన్నమాట.

మఱియొక ప్రక్క తుపాకి. 19వ శతాబ్దమున బాతులను గుంపులుగ కాల్చి, పీపాలకెత్తి, నగరముల అంగళ్లకు పంపు వర్తకము ప్రబలియుండెను. లాబ్రడార్ బాతు అను జాతి 1870ల తరువాత కంటబడలేదు. ఒకప్పుడు ఆకాశమును కప్పివేయునట్లు ఎగిరిన బాటసారి పావురములలో కడపటిదగు మార్తా 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్సినాటి జంతుశాలలో చనిపోయినది. కోట్లకొలది యున్న జాతి యొక్కటియు మిగులక పోవుట జనులు కన్నులార చూచిరి.

పక్షులకొఱకు మొదట గొంతెత్తినవారిలో స్త్రీలు ముఖ్యులు. ఆ కాలమున పాశ్చాత్య స్త్రీల టోపీలకు తెల్లకొంగల ఈకలు సింగారముగ నుండెను. ఆ ఈకలు గూడుకట్టు దినములలోనే పుట్టును గనుక, తల్లికొంగను చంపినప్పుడు గూటిలోని పిల్లలును మాడి చచ్చుచుండెను. 1896లో బోస్టను నగరమున హారియట్ హెమెన్‌వే, మిన్నా హాల్ అను ఇద్దఱు బంధువులు తమవంటి గృహస్థురాండ్రను తేనీటికి పిలిచి, ఇకమీదట ఈకల టోపీలు ధరింపమని మాట యిప్పించిరి. వారి పూనికచే మసాచుసెట్స్ ఆడుబాన్ సంఘము పుట్టినది. అట్టి సంఘములు ఇతర రాష్ట్రములకును వ్యాపించినవి. 1918లో వలసపక్షుల రక్షణకు దేశశాసనము వచ్చినది. అంగడికొఱకు పక్షులను చంపు వర్తకమునకు అది ఉరిత్రాడయ్యెను. కొననిచో వర్తకుడు చంపడు అను గృహిణీధర్మము ఇచ్చట జయించినదని చెప్పవచ్చును.

కాని, సోదరీమణులారా, చంపకుండుట సగము కార్యము మాత్రమే. చంపబడని పక్షికి దిగుటకు నీరు కావలెను. 1929లో విడిదులకు నేలలు కొనవచ్చునని మఱియొక శాసనము చేసిరి. కొనుటకు నిత్యమైన సొమ్ము మాత్రము చూపలేదు. ఇంతలో 1930ల కఱవు దాపురించెను. పచ్చికబయలు ఎండి, మన్ను గాలికి లేచి, గుంటలు పగుళ్లు వాఱినవి. బాతుల సంఖ్య ఘోరముగ తఱిగిపోయెను.

అప్పుడు 1934 మార్చి 16వ తేదీన ప్రెసిడెంటు ఫ్రాంక్లిన్ రూజువెల్టు ఒక చిన్న శాసనముపై సంతకము చేసిరి. పదునాఱేండ్లు నిండి నీటిపక్షులను వేటాడదలచిన ప్రతి మనుష్యుడును ముందుగ ఒక డాలరిచ్చి ఒక బిళ్ళ కొనవలెను. దానిపై సిరాతో తన సంతకము పెట్టి వెంట నుంచుకొనవలెను. ఇది జాబులకు అంటించు బిళ్ళ కాదు. పన్ను చెల్లించినట్లు గుఱుతు. దీనినే బాతుల బిళ్ళ యందురు. మొదటి బిళ్ళపై నీటికి దిగుచున్న బాతుల జంటను వ్రాసినవారు జే. డార్లింగు. ఆయన అయోవా రాష్ట్రపు పత్రికాచిత్రకారుడు; హాస్యచిత్రములలో రూజువెల్టుగారినే ఎగతాళి చేసినవాడు. అట్టివానినే పిలిచి వన్యప్రాణుల శాఖకు అధిపతిగ నియమించిరి. మొదటి యేట 6 లక్షల 35 వేల బిళ్ళలు అమ్ముడుపోయినవి.

బిళ్ళ వెల 1949లో రెండు డాలర్లైనది. పెరుగుచు వచ్చి 2015 నుండి 25 డాలర్లుగ నున్నది. ప్రతి డాలరులోను 98 సెంట్లు వలసపక్షుల నిధికి చేరును. ఆ నిధి నేలలు కొనుటకును, వాని నీటిని కాపాడు ఒడంబడికలకును గాని వేఱు దేనికిని పోరాదు. ఇంతవఱకు నూఱు కోట్ల డాలర్లకు మించిన సొమ్ము ఇట్లు చేరి, 60 లక్షల ఎకరములకు పైగ నేల పక్షులకు దక్కినది.

ఇచ్చట మన యిండ్లలోని పోపులపెట్టెను తలచుకొనవలెను. ఇల్లాలు పిల్లల చదువుకని అందులో వేసిన డబ్బు, యజమాని చేతికి చిక్కనంతవఱకే పిల్లల చదువుది. 1937లో చేసిన మఱియొక శాసనము ఈ మర్మమును గ్రహించినది. తుపాకులపైనను తూటాలపైనను వేసిన పన్నును వన్యప్రాణుల పనికై రాష్ట్రములకు పంచిపెట్టుదురు. నూటికి 75 పాళ్లు ఆ పన్నులోనిది, 25 పాళ్లు రాష్ట్రము వేయవలెను. కాని ఒక షరతు గలదు. వేట లైసెన్సుల రాబడిని మఱియొక పనికి మళ్లించిన రాష్ట్రమునకు ఈ పాలు రాదు. లోటు వచ్చిన ప్రభుత్వము పోపులపెట్టెలో చేయి పెట్టకుండ వేసిన బీగమిది.

శాసనముతో తీరని కొఱత యొకటి మిగిలినది. అమెరికాలో శీతకాలము గడపు బాతులు అనేకము కెనడాలో పుట్టినవి. ఒక దేశపు పన్నును వేఱొక దేశపు గుంటలపై ఖర్చుచేయ ఆ కాలమున వీలులేకుండెను. పక్షికి సరిహద్దు లేదు, ఖజానాకు కలదు. అందుచేత 1937లో జోసఫ్ నాప్ అను ప్రచురణకర్తయు ఆయన మిత్రులును కలసి, డక్స్ అన్‌లిమిటెడ్ అను సంఘమును స్థాపించి, వేటగాండ్ర నుండి చందాలు పోగుచేసిరి. ఆ సంఘమువారు 1938లో మానిటోబాలోని బిగ్ గ్రాస్ మార్ష్ అను ఎండిన చిత్తడిలో తమ మొదటి పని చేపట్టి నీటిని మరల నిలిపిరి. నేటికిని ఊరూర విందులు చేసి, వేలములు పెట్టి, ఆ సంఘములు సొమ్ము కూర్చుచున్నవి. ఆ విందులు నడపువారిలో స్త్రీలును ఉన్నారు.

రైతు సంగతి ఏమైనదని మీరడుగుదురు. 1958లో శాసనమును సవరించి చిన్నగుంటలను కాపాడుటకు దారి చేసిరి. కొన్ని గుంటలను కొనిరి. మఱికొన్నింటికి రైతుతో ఒడంబడిక చేసికొనిరి. నేల రైతుదే, పంట రైతుదే, గుంటను మాత్రము త్రవ్వి పోనీయరాదు, పూడ్పరాదు, కాల్పరాదు. అందులకు అతనికి ముందే సొమ్ము చెల్లింతురు. అతని కొడుకునకును, కొన్నవానికిని ఆ షరతు వర్తించును. రైతును దోషిగ నిలువబెట్టక, అతని నష్టమును లెక్కకట్టి తీర్చుట ఈ యేర్పాటులోని వివేకము.

ఇక విశ్రాంతి మాట. పయనించు బాతునకు ఒంటి క్రొవ్వే దారిబత్తెము. తుపాకి మ్రోగినప్పుడెల్ల గుంపు లేచి ఎగురును. ఎగిరిన ప్రతిసారియు బత్తెము తఱుగును. చిక్కిపోయి ఉత్తరమునకు చేరిన ఆడుబాతు గ్రుడ్లు తక్కువగ పెట్టును. నిండు చూలాలికి విశ్రాంతి యేల కావలెనో ఎఱిగిన స్త్రీలకు దీనిని విప్పి చెప్పనేల? అందుచేత విడిదిలో తుపాకి పోరాని భాగముండవలెను. మొదట 1929 శాసనమున కొన్న విడిదులన్నియు పూర్తిగ అభయస్థలములు. బిళ్ళ వెల పెంచిన 1949లో నాల్గవపాలు వఱకు వేటకు తెఱవవచ్చుననిరి. 1958లో దానిని నూటికి 40 పాళ్లు చేసిరి. పన్ను కట్టినవాడు పాలు అడుగును గదా! అయినను సామాన్యముగ తక్కిన పాలు పక్షులదే. తెలిసిన వేటగాండ్రే ఆ హద్దును సమర్థింతురు. ఎచ్చటను విశ్రాంతి దొరకని బాతు ఆ ప్రాంతమునే విడిచిపోవునని వా రెఱుగుదురు.

వేటవలన కలుగు హానియు లేకపోలేదు. చెదరిన సీసపు గుండ్లు నీటి అడుగున చేరును. బాతు తన కందనకాయలో గింజ నలుగుటకై ఇసుకరాళ్లను మ్రింగును. వానితోపాటు సీసమును మ్రింగి విషముచే చచ్చును. దానిని తిన్న గద్దయు చచ్చును. చాలకాలము వాదములు జరిగిన తరువాత 1991 నుండి నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లను దేశమంతట నిషేధించిరి.

చంపువాడే పోషకుడని చెప్పుట ధర్మమా యని మీలో ననేకులు ప్రశ్నింతురు. ప్రశ్న న్యాయమైనదే. మేము వేటను మెచ్చి ఈ మాటలు వ్రాయుట లేదు. చందా యిచ్చినంత మాత్రమున చంపిన ప్రాణి లేచి రాదు. రేపటి వేటకొఱకే నేటి దానమనుటయు నిజమే. కాని మఱియొక నిజమును కూడ చూడవలెను. 2019లో శాస్త్రజ్ఞులు ఉత్తర అమెరికా పక్షుల లెక్కలు ప్రకటించిరి. 1970 నుండి ఆ ఖండమున సుమారు 290 కోట్ల పక్షులు తఱిగిపోయినవట. పచ్చికబయళ్ల పక్షులు సగమునకు మించి తఱిగినవి. బాతులు, పెద్దబాతులు మాత్రము నూటికి 56 పాళ్లు పెరిగినవి. పాటపాడు పిచ్చుకను అందఱును ప్రేమింతురు. దానికొఱకు ఏటేట బిళ్ళ కొన్నవారు లేరు. బాతునకు సొమ్ము చెల్లించువారుండిరి. దాని నీరు నిలిచినది. ఇటీవలి యేండ్లలో కఱవువలనను, గుంటలను దున్నుటవలనను బాతులును మరల కొంత తగ్గినవి. నిలుపుట ఒక్కనాటి పని కాదని అందువలన తెలియుచున్నది.

ప్రేమించువారు సొమ్ము చెల్లింపజాలరా? చెల్లించిన ఒక స్త్రీ కథ చెప్పెదము. బాతుల బిళ్ళ పుట్టిన 1934లోనే పెన్సిల్వేనియా రాష్ట్రమున ఒక కొండపై డేగలను వేలకొలది సరదాకై కాల్చుచుండిరి. న్యూయార్కులోని రోజలీ ఎడ్జ్ అను ఇల్లాలు వేటగాండ్రను తీవ్రముగ ఖండించినది. పక్షిసంఘముల పెద్దలనే నిలదీసినది. ఖండించి ఊరకుండలేదు. ఆ కొండపై సుమారు 1,400 ఎకరములు కౌలునకు తీసికొని, మారిస్ బ్రౌన్ అను కాపరిని నియమించినది. అతని భార్య ఇర్మా ద్వారమున నిలిచి తుపాకులవారిని వెనుకకు పంపుచుండెను. ఆ యేడే కాల్పులు ఆగినవి. హాక్ మౌంటెన్ అను ఆ అభయస్థలము నేటికిని నిలిచియున్నది. ఆమెకును వేటగాండ్రకును అభిప్రాయములలో పొత్తు లేదు. నేలను చేజిక్కించుకొననిదే పక్షి నిలువదన్న సంగతి మాత్రము ఇరువురకును తెలియును.

నేడు ఈ మాన్యమునకే కొఱత కలుగుచున్నది. 1970ల ప్రారంభమున ఏటికి 24 లక్షల వఱకు అమ్మిన బిళ్ళలు ఇటీవల 15 లక్షల ప్రాంతమున నున్నవి. వేటాడువారు తగ్గుట పక్షికి మేలని తోచును. కాని వారితో సొమ్మును తగ్గును. ఆ లోటు తీర్పవలసినవారు వేటాడనివారే. బిళ్ళను ఎవ్వరైనను కొనవచ్చును. అది చేత నున్నవారికి ప్రవేశరుసుము గల దేశీయ విడిదులలో రుసుము లేదు. మన సోదరీమణుల కుమార్తెలు, కోడండ్రు అనేకులు ఆ దేశమున కాపురములు చేయుచున్నారు. శీతకాలమున పిల్లలతో బాతులను చూడబోవునప్పుడు వారొక బిళ్ళ కొన్నచో, తుపాకి పట్టని చేతులును మాన్యమున పాలుగొనును. అచ్చటి బడిపిల్లలకు వేఱుగ చిత్రలేఖన పోటీ గలదు; 1993 నుండి వారి చిత్రముతో అయిదు డాలర్ల బిళ్ళను అచ్చువేయుచున్నారు. పెద్దల బిళ్ళకై 1949 నుండి జరుగు పోటీలో మొదట గెలిచిన స్త్రీ నాన్సీ హౌ. ఆమె చిత్రము 1991 బిళ్ళపై వెలువడినది.

మన దేశపు మాట రెండు వాక్యములతో తీరునది కాదు, అయినను విడువరాదు. డకోటా గుంటలలో గూడుపెట్టు సూదితోక బాతు జాతియే సైబీరియా వైపు నుండి మన కొల్లేటికిని శీతకాలమున వచ్చుచున్నది. దారులు వేఱు, జాతి యొక్కటే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన దేశమున వేట నిషిద్ధమైనది. వేటగాని మాన్యము మనకు లేదు, కోరుటయు లేదు. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది, 2002లో రామ్‌సార్ పట్టికలో చేరినది. అయినను సరస్సు నడుమ చేపల చెఱువుల గట్లు లేచినవి. 2006లో ప్రభుత్వము వానిని పగులగొట్టించినప్పుడు ఆ చెఱువులపై బ్రదుకు కుటుంబములు వీధిలోనికి వచ్చినవి. పక్షికి నీరు విడువుమని యడుగుట సులభము. విడిచినవాని యింట అన్నమెట్లు ఉడుకునన్నది కష్టమైన ప్రశ్న. డకోటా రైతునకు ఆ ప్రశ్నకు జవాబుగ సొమ్ము ముట్టినది. ఇచ్చట జవాబు ఇంకను పూర్తి కాలేదు.

అమెరికావారి యేర్పాటును అట్లే తెచ్చి మన యింట నిలుపవలెనని మేము చెప్పము. అందులోని ఒక్క నియమము మాత్రము ఏ దేశపు గృహిణికైనను నచ్చునది. వేటకు పోవువాడు మొదట బిళ్ళ కొనును. తరువాతనే నీటిలో అడుగుపెట్టును. ఖర్చుకు ముందు దాపు, పుచ్చుకొనుటకు ముందు ఇచ్చుట. పక్షిని చూచి ఆనందించుటయు ఒకవిధముగ పుచ్చుకొనుటయే. పులికాటు ఒడ్డునను, నేలపట్టు గూళ్ల దాపునను, కొల్లేటి గట్టునను నిలిచి చూచి వచ్చువారు తమ వంతు రుసుమును మనఃపూర్వకముగ చెల్లింపవలెను. ఆ సొమ్ము నీటికిని కావలివానికిని చేరునట్లు అడుగవలెను. పక్షికై పొలమును విడిచిన పల్లెవారికి తగిన పరిహారము దొరకునట్లు తమ మాటను వినిపింపవలెను. వచ్చు మార్గశిరమున బాతులు మరల దిగును. వానికి సత్రపు తలుపు తెఱచి యుండవలెనన్న, మాన్యమునకు మనమును ఒక చేయి వేయవలసియున్నది.